కుర్చీ కాళ్ళకు ఉన్ని

పుంతా అరేనాస్‌లో గాలి
తలుపు తట్టదు, తోసుకొస్తుంది.
నడిచేవాళ్ళు ఎగిరిపోకుండా
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు.
ఆ తాళ్ళు పట్టుకుని
కొలత టేపు జేబులో, రంగు చీటీలు చంకలో
మేం ఆరుగురం
మిట్టమీది సర్కారు బడికి పోయాం.
గదుల్ని లోపలినుంచి తీర్చడం చదువుకునేవాళ్ళం.
మూడో ఏడు.
నలభై గంటల సేవ రాసివ్వాలి.

బొమ్మ ముందే గీసేసుకున్నాం.
యాస్నా కంప్యూటర్లో ఆ గది
కలఫాతే పండంత ఊదాగా నవ్వుతోంది.
నేలకు మెరిసే పలకలు, కిటికీకి నిలువెత్తు అద్దం.
పిల్లలు లేరు.
కుర్చీలు కూడా నాలుగే,
చూపుకి అడ్డమని మిగతావి తీసేసింది.

బడి కాపలాదారు ఎలెయుతేరియో
బొమ్మని కళ్ళజోడు పైకెత్తి చూశాడు, దించి చూశాడు.
"రంగుదేముంది, ఎప్పుడైనా పూస్తారు.
ముందొక పూట ఊరికే కూర్చోండి" అన్నాడు.

కూర్చున్నాం వెనక బెంచీలో,
మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా.
పంతులమ్మ ఒందీనా పుస్తకాలు తెమ్మంది.
ముప్ఫై ఒక్క కుర్చీలు
ఇనప కాళ్ళతో సిమెంటు నేలని ఒక్కసారే గీకాయి.
ఆ చప్పుడు రేకు కప్పుదాకా పోయి
పని మరిచినట్టు మళ్ళీ కిందికొచ్చింది.

కిటికీ పక్క పిల్లాడు, నెహుయేన్,
చెవి మిషన్ తీసి
పెన్సిళ్ళ డబ్బాలో పడుకోబెట్టి మూత పెట్టాడు.
ఇక పంతులమ్మ పెదాలే వాడికి పాఠం.
ఆవిడ బోర్డువైపు తిరిగిందంటే
పాఠం గోడవతల పడ్డట్టే.
వాడి చీటీలో మూడేళ్ళుగా ఒకటే మాట: పరాకు.

ఎందుకు తీశావురా అంటే
"కుర్చీలు నా చెవిలోంచి నడుస్తాయి" అన్నాడు,
వాన పడుతోంది అన్నంత మామూలుగా.

ఆ రాత్రి యాస్నాకీ నాకూ పోట్లాట.
"పలకలేస్తే గది మెరుస్తుంది."
"మోగుతుంది."
శబ్దం గురించి చెప్పిన క్లాసులో
నేను నిద్రపోయిన సంగతి ఆమె గుర్తుచేసింది.
నిజమే. పోయాను.

ఎలెయుతేరియో బావమరిది గొర్రెల కొట్టంలో పనివాడు.
అమ్ముడుపోని పొట్టకింది ఉన్ని
రెండు బస్తాలు ఇచ్చాడు,
ముళ్ళతో, పెంటతో, ఆ జిడ్డు వాసనతో.
బడి వంటగది గంగాళాల్లో ఉడకేశాం.
వంటామె మా ఏడు తరాల్నీ తలుచుకుంది.
సబ్బునీళ్ళు పోసి పాదాలతో తొక్కీ తొక్కీ
ఉన్నిని దుప్పటంత మందం చేశాం.
గుండ్రంగా కోశాం, నూట ఇరవైనాలుగు బిళ్ళలు.
పంతులమ్మ కుర్చీ మరిచిపోయాం.
మళ్ళీ నాలుగు.
మిగిలింది వెనక గోడకి మేకులు కొట్టి పరిచాం.
రంగు డబ్బులు జిగురుకి అయిపోయాయి.
గోడలు ఆ పాత ఆసుపత్రి ఆకుపచ్చలోనే ఉన్నాయి.

సోమవారం పొద్దున
ఒందీనా పుస్తకాలు తెమ్మంది.
మంచుమీద మంచు రాలినట్టు
కుర్చీలు జరిగాయి.
గోడ గడియారానికి గొంతుందని
ఆ రోజే తెలిసింది క్లాసుకి.
నెహుయేన్ చెయ్యి చెవిదాకా లేచింది.
మా ఆరుగురికీ ఊపిరాడలేదు.
గోక్కున్నాడంతే.

పదకొండింటికి గాలి లేచింది.
రేకులు కొట్టుకున్నాయి.
వాడు మిషన్ తీసి డబ్బాలో పెట్టాడు.
కప్పు మాకు అందలేదు.

ప్రొఫెసర్‌గారు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని
"ఏది ముందు, ఏది తర్వాత?" అన్నారు.
యాస్నా ఏమీ మాట్లాడకుండా
ఆయన కుర్చీనే బరబరా ఈడ్చింది.
ఏడుకి నాలుగు వేశారు. పాసు.

ఇప్పటికీ నెలకోసారి
ఎలెయుతేరియో దగ్గర్నుంచి కబురొస్తుంది:
"తొమ్మిదో కుర్చీ అరుస్తోంది,
ఎడమ వెనక కాలు."
బజారుకి వెళ్ళాలి.
జిగురు అయిపోయింది.