నాలుగు స్క్రూలు

హాలిఫాక్స్ కౌన్సిల్ ఆఫీసు, రెండో అంతస్తు,
టాక్సీ లైసెన్సుల కౌంటరు.
గాజు పలకకి ఇవతల నేను.
అవతల ఎప్పుడూ ఎవరో ఒకరు
కోటు లోపల్నించి తడిసిన కాగితాలు తీస్తూ.

డాక్టరు సర్టిఫికెట్టు, పోలీసు రికార్డు,
బ్రేకులు, టైర్లు, కళ్ళు,
ఆస్పత్రి నుంచి స్టేషనుకి దగ్గర దారేదో చెప్పగలడా లేదా.
అన్నీ సరిపోయాక చివర్న ఒక్క గడి మిగుల్తుంది:
'తగిన మనిషేనా?'
దానికి కొలబద్ద ఎవరూ ఇవ్వలేదు నాకు.
పదకొండేళ్ళుగా టిక్కు పెడుతున్నాను.
మా అమ్మమ్మయితే
గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చూసి చెప్పేసేది.

నల్ల బండ్లకి నెత్తిమీద దీపం,
చెయ్యెత్తితే ఆగొచ్చు.
మిగతావాటికి వెనక పసుపు పలకే,
ముందుగా పిలవందే ఎవర్నీ ఎక్కించుకోకూడదు.
పిలవని పేరంటానికి పోకూడదన్నట్టు చట్టం,
గుర్రాల కాలం నాటిది;
కొన్ని సెక్షన్లు తిరగేస్తే
ఇంకా లద్దె వాసనొస్తుంది.

నవంబరులో గుల్ఫరాజ్ వచ్చాడు, పలక నంబరు 412.
కౌంటరుకి కాదు, కమిటీ ముందుకి.
ముగ్గురు కౌన్సిలర్లు, ఒక లాయరు, నీళ్ళ జగ్గు,
మినిట్సు రాయడానికి నేను.

ఆస్పత్రి గేటు. రాత్రి పదకొండున్నర. వడగళ్ళు.
చేతికి కట్టుతో ఒక ముసలామె.
'ఎక్కమన్నాను.'
'బుకింగ్ ఉందా?'
'చెయ్యి కట్టులో ఉంది, ఫోనెలా నొక్కుతుంది?'
'డబ్బు తీసుకున్నారా?'
చాలాసేపు ఊరుకున్నాడు.
'ఇచ్చింది. మూడు పౌండ్లు. తీసుకున్నాను.'

రోడ్డుకి అవతల స్టాండులో
నల్ల బండతను ఫొటో తీసి పంపాడు.
అతనూ మూడు గంటలుగా ఖాళీగానే ఉన్నాడట.

మూడు పౌండ్లు అని రాశాను.
వడగళ్ళు అని రాయలేదు,
మినిట్సులో వాతావరణానికి చోటుండదు.

అక్రాయిడ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
చెడ్డమనిషేం కాదు.
బుకింగ్ లేనిదే బీమా లేదు కదా,
ఆ దిగుడు మలుపులో ఏమన్నా అయ్యుంటే
ఆవిడకి దిక్కెవరని మెల్లగా అడిగింది. అదీ నిజమే.
ఏ ఊళ్ళోనో ఏ పిల్లో
ఎక్కకూడని కారెక్కి ఇల్లు చేరని సంగతి
ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు;
నీళ్ళ జగ్గు పక్కన అదీ కూర్చునే ఉంది.

పద్నాలుగు రోజులు.

పలక నాకు అప్పగించాలి. కార్ పార్కులోకి దిగాం.
స్క్రూడ్రైవరు నాది, చేతులు అతనివి.
మూడు తేలిగ్గా వచ్చాయి.
నాలుగోది తుప్పుపట్టి, తల అరిగి,
మోకాళ్ళమీద కూర్చుని బతిమాలితే గాని ఊడలేదు.
బంపరు నిండా ఉప్పూ బురదా.
పలక ఉన్నంత మేరా మాత్రం
షోరూములోంచి ఇప్పుడే దిగినట్టు తళతళా.
ఇద్దరం దాన్నే చూశాం.
'దాని కింద వాన పడదుగా' అన్నాడు.

డ్రాయర్లో స్టేప్లరు పక్కన పెట్టాను.
పెన్ను కోసం తీసినప్పుడల్లా
పసుపు పచ్చగా నా వంక చూసేది.

డిసెంబరు. ఆఖరి బస్సు నా కళ్ళముందే వెళ్ళిపోయింది.
పది అడుగుల దూరంలో ఒక బండి, ఇంజను నడుస్తూ.
412. కొత్త స్క్రూలు నాలుగు.
అద్దం దించలేదు అతను.
చెయ్యెత్తలేదు నేను.
ఫోను చేశాను. ఎక్కడో ఏ గదిలోనో ఒకమ్మాయి
నా పేరడిగింది, ఎక్కడికో అడిగింది,
'దగ్గర్లో ఎవరున్నారో చూస్తానుండండి' అంది.

వాన.
ఇద్దరం ఎదురుచూస్తున్నాం,
నా మాట ఊరంతా తిరిగి
ఆ పది అడుగులూ చేరడానికి.

అతని ఫోను వెలిగింది,
గడ్డం మీద నీలం వెలుతురు.
అప్పుడు అద్దం దించి,
నన్నెప్పుడూ ఎరగనట్టే, ఎంతో మర్యాదగా,
'ఏ పేరు మీదండీ బుకింగు?' అన్నాడు.