నాడి ఉందిగా

నారిన్ ఆసుపత్రి, కిటికీ బయట మంచు.
గుర్రం కింద నలిగిన కాలితో తెమిర్బెక్.
పాదం మీద నాడి కొట్టుకుంటోందని
కాగితం మీద రాసి
పగటి డాక్టరు ఇంటికెళ్ళాడు.

రాత్రి రెండింటికి నర్సు ఐజామాల్
అతని బొటనవేలిని కాస్త పైకి వంచింది.
తోడేలు ఎదురైనా గొంతెత్తని మనిషి
వార్డంతా లేచేలా అరిచాడు.

పిక్క, పులిసిన గుర్రపుపాలు పోసి
మూతి కట్టేసిన తోలుతిత్తి.
కాలువ నిండుగానే పారుతోంది;
మడికి మాత్రం చుక్క ఎక్కడం లేదు.

పిక్కకు అంటించిన పట్టీ
చర్మం లోపలికి ఎర్రటి వెలుగు పంపి
కండలో మిగిలిన ప్రాణవాయువును లెక్కపెడుతోంది:
యాభై ఒకటి. నలభై నాలుగు.
మంచి కాలిలో డెబ్బై.

ఫోనులో సర్జను గొంతు, నిద్రగా:
"నాడి ఉందిగా?"
"ఉంది. అందుకే ఎవరం చూడలేదు. రండి."

గుర్రం బతికిందా అని
మూడోసారి అడుగుతున్నాడు తెమిర్బెక్.