గింజ దాచుకున్నది

తెల్లవారుజాము నాలుగు. ఆర్డ్‌బో గట్టున
షెడ్డు తలుపు తీస్తే ముందు ముక్కుకే తెలిసిపోతుంది
లోపల రాత్రి ఎలా గడిచిందో.
ఇవాళ కళ్ళు మండలేదు. సరే.
బూటుకొసతో పొట్టును కెలికాను,
పొడిపొడిగా రాలింది.
ఇరవై ఆరు వేల కోళ్ళు
నా లైటుకేసి ఒక్కసారే తల తిప్పి
మళ్ళీ మేతలో తల దూర్చాయి.

ఒక చలికాలం ఇలా లేదు.
చవగ్గా వచ్చిందని గోధుమ దండిగా కలిపిన దాణా.
పిట్టల కడుపులో అది బంకయి కూర్చుంది,
అరగదు, కదలదు,
దిగిందేమో తోకకీ కాళ్ళకీ నేలకీ అంటుకుంది.
పాదాల కింద నల్లగా కమిలిన పుండ్లు.
ఒక్కొక్కదాన్నీ తిరగేసి చూశాను,
బడినుంచి కుంటుతూ వచ్చిన పిల్ల
జోడు విప్పి చూసినట్టు.
ఈ మాటంటే మా తమ్ముడు మాలకీ నవ్వుతాడు:
ముప్పై అయిదో రోజు లారీ ఎక్కించేదీ నువ్వేగా అక్కా.
అవును. నేనే.

మిల్లు మనిషి ట్రెవర్ ఓ పొట్లం తెచ్చి బల్లమీద పెట్టాడు.
టన్నుకి వంద గ్రాములు.
ఎంజైములట. బంకని ఒకటి తెంపుతుంది,
ముళ్ళని ఇంకొకటి విప్పుతుంది.
మందు కాదు, మేతా కాదు,
పని చేసిపెట్టి వెళ్ళిపోతుంది అన్నాడు.
కూలి అడగదా అన్నాను.
అడుగుతుంది, బిల్లులో.

నాకు నాయనమ్మ అసంప్టా గుర్తొచ్చింది.
రాత్రిపూట బకెట్లో బార్లీ నానేసి
పొయ్యి పక్కన గోనె కప్పి ఉంచేది.
పొద్దుటికి పులిసిన వాసన, నీళ్ళమీద బుడగలు.
ఎందుకు నాయనమ్మా అంటే
గింజ పిసినారిదే, దాన్ని కాస్త మోసం చెయ్యాలి, అనేది.
అంతకు మించి చెప్పేది కాదు. కోళ్ళు కాచుకుని ఉండేవి.

ఆ మోసమేమిటో ఇప్పుడు తెలుస్తోంది.
గింజ భాస్వరాన్ని కొంగున ముడేసుకుంటుంది.
నీకూ నాకూ కాదు, కోడికీ కాదు,
రేపు తనలోంచి లేవబోయే మొలకకి.
తడి తగిలి, వెచ్చదనం తగిలి
వేళయిందని రూఢి అయితే తప్ప ముడి విప్పదు.
మిల్లులో నలిగి పిండయ్యాక,
ఆవిరిలో ఉడికి గుళికయ్యాక కూడా
ఆ పట్టు వదలదు.
అప్పుడు కోడి గొంతుసంచిలో, ఆ తడిలో, ఆ వెచ్చటి చీకట్లో
చిటికెడు పొడి వెళ్ళి దాని చెవిలో చెబుతుంది:
ఏప్రిల్ వచ్చింది, లే.
చచ్చిన గింజ నమ్ముతుంది.
బిడ్డకని దాచినదంతా
ముప్పై అయిదు రోజుల కాలి ఎముకలో పోస్తుంది.

విప్పని ముడులు ఎటు పోతాయో మాలకీకి తెలుసు.
షెడ్డునుంచి పొలానికి, పొలంనుంచి వానతో కాలవకి,
కాలవనుంచి సరస్సుకి.
దాని పేరు నే. ఒక్క అక్షరం. 
పోయిన ఆగస్టులో అది పెయింటు ఒలికినట్టు పచ్చగా చిక్కబడింది.
మలుగు చేపల పడవ బోర్లించి
మాలకీ గట్టున కూర్చున్నాడు.
వల మూడుసార్లు ఉతికాడు, రంగు పోలేదు.

కాగితం తీసుకెళ్ళి చూపించాను:
చూడు, ఈ పొడి వేశాక మా షెడ్డునుంచి పోయేది
మూడోవంతు తగ్గింది.
వాడు కాగితం చూడలేదు.
అప్పుడు నీకు ఒక షెడ్డు, అన్నాడు. ఇప్పుడు మూడు.

ట్రెవర్ ఇచ్చిన పట్టికలో ఆ గడి లేదు.
మేత మిగిలింది. మిగిలినదానితో రెండో షెడ్డు లేచింది,
దాని మిగులుతో మూడోది.
పొదుపు ఎంత పెట్టినా తింటుంది,
అరిగించుకోడానికి దానికి ఏ పొడీ అక్కర్లేదు.

బయట డెస్సీ లారీ. దాణా గొట్టంలోంచి
వడగళ్ళ చప్పుడుతో దిగుతోంది.
ఇవాళ ముప్పై నాలుగో రోజు.
ఒకదాన్ని ఎత్తి వెల్లకిలా తిప్పాను. మచ్చ లేదు.
ఎంత శుభ్రమైన పాదాలు,
ఒక్కనాడూ మట్టి తొక్కనివి.

వంటింటి బల్లమీద నాలుగో షెడ్డు దరఖాస్తు ఉంది.
సంతకం పెట్టలేదు. చించనూలేదు.
కిటికీ గాలికి ఎగిరిపోకుండా
నాయనమ్మ బకెట్ దానిమీద పెట్టి వచ్చాను.