పద్నాలుగో అంశం

ఆదోని మునిసిపల్ హాల్లో
మినిట్సు రాసేది నేనే, ఇరవై రెండేండ్లుగా.
పదకొండుకన్న మీటింగు పన్నెండున్నరకు మొదలు.
టీ గ్లాసులు ఎత్తేలోపల
పదమూడు అంశాలు "ఆమోదించడమైనది".

పద్నాలుగు: కాలవ మీద బండ.
ఇరవై మూడో వార్డు మాలన్‌బీ లేచింది.
"చెప్పు" అన్నాడు చైర్మన్, తల ఎత్తకుండా.
సంచిలోంచి చెప్పు తీసి బల్ల మీద పెట్టింది.
చిన్నది. ఎడమకాలిది. బురద ఎండి అట్ట కట్టింది.

"రెండోది యాడుందో మీరే ఎతకండప్పా.
పిల్లోనికి తొడ ఇరిగి తొమ్మిది దినాలాయె.
బండకు మూడు తూర్లు అర్జీ ఇచ్చినా."

ఫ్యాను చప్పుడు.
ఇంజనీరు టెండరు కాగితం కోసం ఫైలు తిప్పుతానే ఉన్నాడు.
ఎవరో అన్నారు, సభలో చెప్పేంది, మర్యాద లేదా?
ఇంగ అరగంట మర్యాద మీదనే చర్చ.
బండ వాయిదా పడింది.

"సభ్యురాలు తమ వార్డు సమస్యను
సభ దృష్టికి తెచ్చారు" అని రాసినాను.
చెప్పు అనే మాట ఎక్కడ రాయల్నో తెలియలేదు.

సాయంత్రం ఊడ్చను వచ్చిన హనుమక్క
దాన్ని కొంగుతో దులిపి
చైర్మన్ కుర్చీ ముందర మళ్లీ అట్లే పెట్టింది,
మొన వాకిలి తట్టు.

నేను చూసినాను.
తియ్యమని చెప్పలేదు.