ఖాళీ గడి

నెల తిరిగి ఐదో తారీఖు.
జాంబెజీ మైదానమంతా పరుచుకుని
లిబోంగా ఆరోగ్య కేంద్రాన్ని
ఒక దిబ్బగా, ఆరు కోళ్లుగా, రెండు మంచాలుగా మిగిల్చింది.

నసిలేలె బల్ల మీద రిజిస్టర్లు పరిచింది.
కాన్పులది, టీకాలది, మలేరియాది,
అట్ట ఊడితే దారంతో కుట్టిన విరేచనాలది.
బిడ్డకో గీత.
నాలుగు గీతల మీద ఐదోది అడ్డంగా పడితే
ఒక కట్ట, చితుకులు కట్టినట్టు.
కట్టలు కూడుతూ పోతే నెల.

ఆమెకు ముందు ఇక్కడ లికాండో ఉండేవాడు.
పోయిన నెల అంకెనే ఈ నెలకీ దించేవాడు
అనుమానం రాకుండా అక్కడక్కడా ఒకటి కలిపి.
కాకిలెక్కలు.
చెడ్డవాడేం కాదు.
"ఈ కాగితాలు చదివేది చెదలే నసిలేలె" అనేవాడు,
మిగిలిన రాత్రంతా పురుళ్లు పోస్తూ.

ఇప్పుడు ఫారంలో పదిహేడో వరుస:
విరేచనాలతో మరణాలు.
పుస్తకం ప్రకారం ఎవరూ లేరు.
సున్నా చుడితే సరిపోతుంది.

కాలువ అవతల చేపల గుడిసెల్లో
ముబిత కూతురు, మూడేళ్లది,
పడవ దాటేలోపే చల్లబడిపోయింది.
ఇక్కడికి రాలేదు కనక ఏ పుస్తకంలోనూ లేదు.
రానివాళ్లకి ఫారంలో గడి లేదు.

ఇది రాస్తున్న నా భాషలో
అరసున్న అని ఒకటుండేది.
రాసేవాళ్లు, పలికేవాళ్లు కాదు.
ఈ పిల్ల దానికి తిరగేసి.
అవతలి ఒడ్డున అందరూ పలుకుతున్నారు,
ఎవరూ రాయలేదు.

సున్నా అంటే క్షేమమనుకుంటారు.
ఖాళీ అంటే బద్ధకమనుకుంటారు.
సోలార్ దీపం నీరసించేదాకా కూర్చుని
నసిలేలె మార్జిన్‌లో ఒక నిలువు గీత గీసింది.
పక్కన రాసింది: ఇంటి దగ్గరే.

పొద్దున్నే తెడ్డు పట్టుకుని ముబితే వచ్చాడు.
జిల్లాకి కాగితాలు మోసే పడవ అతనిదే.
చదువు రాదు.
"రాశావా?"
వేలు పెట్టి చూపించింది.
చాలాసేపు చూశాడు.
"ఇంత సన్నగానా?"

పెన్ను తీసి అదే గీతను మళ్లీ దిద్దింది,
కాగితం వెనక్కి దిగేదాకా.

పద్దెనిమిది రోజులకి జవాబొచ్చింది.
మందులు రాలేదు. క్లోరిన్ రాలేదు.
అంచులు తడిసిన చీటీ మీద
ఎవరిదో తొందర చేతిరాత:
"మార్జిన్‌లో ఆ గీత ఏమిటి?
ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

నసిలేలె రెండుసార్లు చదువుకుంది.
ముబితకి చదివి వినిపించింది.
తర్వాత స్కేలు తీసి
వెనక పేజీలో కొత్త వరుస గీస్తోంటే
అతను గడప మీద కూర్చుని, తెడ్డు ఒళ్లో పెట్టుకుని
అవతలి గుడిసెల పేర్లు
ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు.