సున్నా వేసినవాణ్ణి

ఆ సున్నా వేసింది నేనే.
నూట నలభై రెండో పేజీ, ఏడో గడి.
మాంచెస్టర్ ఆఫీసులో, రాత్రి పదకొండింటికి,
చల్లారిపోయిన నూడుల్స్ పక్కన పెట్టుకుని.

స్టోక్‌లో పింగాణీ కప్పుల ఫ్యాక్టరీ అది.
నూట ముప్పై ఏళ్ళలో బట్టీ ఆరింది రెండుసార్లే,
రెండూ యుద్ధాలకి.
ఇప్పుడు గ్యాసు బిల్లుకి ఆరేట్టుంది.
అదీ యుద్ధమేనంటుంది బట్టీ చూసే గ్లెనిస్,
మోచేతి మీద పాత కాలిన మచ్చ గోక్కుంటూ.

అందుకని కొత్త చట్టం గుమ్మం తొక్కారు.
బోర్డు తిప్పేయక్కర్లేదట.
అప్పులిచ్చినవాళ్ళని బంతులుగా కూర్చోబెట్టి
బంతికో ఓటు పెడితే చాలట.
ఒక బంతి వద్దన్నా
ఇంకో బంతి సరేనంటే
ఆ సరేని వద్దన్నవాళ్ళ విస్తట్లో కూడా వడ్డించవచ్చట,
ప్లాను లేకుంటే వాళ్ళ గతి
ఇంతకన్నా బాగుండేది కాదని
ఎవరో ఒకరు లెక్క కట్టి చూపిస్తే.

ఆ ఎవరో ఒకరు నేను.
జరగనిదాన్ని కొలవడం నా ఉద్యోగం.

మొదటి బంతిలో, కిందటి నెల డబ్బు పోసిన ఫండు.
ముందొచ్చిన చెవుల కన్నా
వెనకొచ్చిన కొమ్ములు వాడి.
తర్వాత బ్యాంకు. తర్వాత స్థలం యజమాని.
వడ్డించేవాడు తనవాడు కాని కడబంతిలో
విల్ఫ్రెడ్ కోల్‌క్లఫ్,
కప్పులు సర్దే చెక్కపెట్టెలు చేసేవాడు.
రావలసింది ఎనభై నాలుగు వేల పౌన్లు.
ఇస్తామన్నది పౌనుకి మూడు పెన్నీలు.

ఫ్యాక్టరీ మూతపడితే అతనికి సున్నా.
సున్నా కన్నా మూడు ఎక్కువ.
ఒకటో క్లాసు పిల్లాణ్ణడిగినా చెప్తాడు.
నేను నూట నలభై రెండు పేజీల్లో చెప్పాను.

లండన్ కోర్టుకి అతను లాయరు లేకుండా వచ్చాడు.
లాయరు ఫీజు ఆ మూడు పెన్నీల్ని ఎప్పుడో మింగేసేది.
టై ముడి ఒక పక్కకి జారింది.
చేతిలో కాగితం ఉంది గానీ చదవలేదు.
"సున్నా అంటే సున్నాయే, సరే.
మరి వచ్చే ఏడు కప్పులు దేంట్లో సర్దుతారు?"
అని కూర్చున్నాడు.

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడిచారు.
ఈమధ్య పై కోర్టు చెబుతున్న మాటే ఆవిడా చెప్పారు:
నష్టం లేదంటే చాలదు,
నిలబడ్డ కంపెనీ కనే లాభాన్ని
ఎవరికెంత, ఎందుకంత పంచారో చెప్పండి.
"ఈ మూడు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

పెద్ద లాయర్లు పేజీలు తిప్పారు.
కాసేపు కాగితాల చప్పుడే.
నా సున్నాకి ఆరు అనుబంధాలున్నాయి.
మూడుకి ఒక్కటీ లేదు.
ఏదో పొద్దుటి మీటింగులో
టోస్టు కొరుకుతూ ఎవరో అన్న అంకె అది.
ఆ రోజు నేనూ ఆ బల్ల దగ్గరే ఉన్నాను.
వెన్న ఇటు జరపమన్నాను.

రెండు వారాలు వాయిదా.
రెండు వారాలూ గ్యాసు మీటరు తిరిగింది.
మూడు తొమ్మిదయింది.
మొదటి బంతివాళ్ళు కాస్త సణిగి సర్దుకున్నారు.
ఏడు వేల అయిదు వందల అరవై.
మిగతాదానికి నీళ్ళొదులుకున్నాడు విల్ఫ్రెడ్.
న్యాయం జరిగిందన్నారు మెట్ల మీద.
అతనేమీ అనలేదు,
రైలుకి టైమయిందన్నాడు.

పెట్టెలు ఇప్పటికీ పంపుతున్నాడని విన్నాను,
డబ్బు చేతిలో పడ్డాకే.
బిల్లు మీద ఆ సంగతి ఎర్రసిరాతో రాస్తాడట.

నేనూ ఆ ఫ్యాక్టరీ కప్పు ఒకటి కొన్నాను,
పిడి కొంచెం వంకర, సగం ధరకి.
పార్సిల్లోంచి చెక్కపొట్టు రాలింది,
కీబోర్డు సందుల్లో ఇంకా ఉంది.

నిన్న కొత్త ఫైలు వచ్చింది.
హల్ రేవులో ఐసు ఫ్యాక్టరీ.
కడబంతిలో వలలు కుట్టే ఇద్దరు అక్కచెల్లెళ్ళు.
ఏడో గడి ఖాళీగా ఉంది.
టీ చల్లారేలోగా వేసేస్తాను.
వెయ్యాలి కదా.