బాడిగ రకం

ముప్పై ఏళ్లుగా చర్చికి ద్రాక్షరసం కాచేది నేనే.
కిలో ఎండు నల్లద్రాక్ష, మునిగేదాకా నీళ్లు,
రాత్రంతా నానబెట్టి తెల్లారగట్ల సన్నసెగ మీద,
రెండు గుప్పిళ్ల చక్కెర
(అది పాదిరిగారికి చెప్పను),
పాత వాయిల్ చీర ముక్కలో వడకట్టి
స్టీలు క్యానులో పోసి
బ్రాడీపేట ఆటోలో ఒళ్లో పెట్టుకుని పోతాను.

అసలు సరుకు ఎట్లా ఉంటుందో
యాభై ఎనిమిదేళ్లకు అడగబుద్ధయింది.
అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి
"నీకా?" అన్నాడాయన.
"నాకే."

పొన్నూరు రోడ్డులో షాపు బోర్డు మీద
మూరెడేసి అక్షరాల్లో వైన్స్ అని ఉంటుంది.
లోపల వైన్ అడిగితే కుర్రాడు నవ్వాడట.
క్వార్టర్ల కోసం చేతులు చాచినవాళ్లంతా వెనక్కి తిరిగి
తద్దినం ఇంట్లో కేకు అడిగినవాణ్ణి చూసినట్టు చూశారట.
స్టూలెక్కి, పై అరలో, బల్లి గుడ్ల పక్కనుంచి తీసి
చొక్కాకి తుడిచి ఇచ్చాడు.
మూడొందల తొంభై.
మిగతా పదికి చిల్లర లేదని పల్లీల ప్యాకెట్టు.

బిరడా రాలేదు.
స్క్రూడ్రైవరు ఓడింది, నా పిన్నీసు వంగింది,
చివరికి పప్పుగుత్తి కర్రతో లోపలికే తోశాం.
ఎర్రచుక్క ఒకటి ఎగిరి
క్యాలెండర్లో పదమూడో తారీఖు మీద పడింది.
లేచి తలుపు గడియ వేశాను.
ఎందుకో కిటికీ కూడా.

ఆయన మిర్చియార్డు మనిషి.
టిక్కీలో చెయ్యి దూర్చి, గుప్పెడు కాయ తీసి,
వెలుతురుకి పట్టి, తొడిమ విరిచి, వాసన చూసి
ధర కట్టే మనిషి.
గ్లాసునీ అట్లాగే ట్యూబులైటుకేసి పట్టాడు.
"రంగుంది."
ఒక గుక్క. దవడలో తిప్పి, ఆగి,
"బాడిగ రకం. రంగెక్కువ, ఘాటు తక్కువ."
ఇంకో గుక్క.
"తాలు కూడా కలిపారు."

నా నోట్లో మాత్రం ముందు పులుపు,
తర్వాత నేరేడు వగరు,
నాలుక మీద ఎవరో ఉన్నిగుడ్డ పరిచినట్టు.
ఆ వెనక, చాలా వెనక,
తుప్పు బోరింగు నీళ్లు,
ఏడో తరగతిలో సిరాపెన్ను నోటితో పీల్చిన రుచి.
చక్కెర ఎక్కడా లేదు.
వెతికాను. లేదు.
అయితే ఇన్నేళ్లూ ఊరందరికీ నేను
పాయసం తాగించానా?
అన్నానో లేదో నవ్వొచ్చింది,
పల్లీ గొంతుకడ్డం పడేదాకా ఆగలేదు.

మిరపకాయ బజ్జీ కొరుక్కుంటూ తాగితే కొంచెం నయం.
చెవితమ్మెలు వెచ్చబడ్డాక
ఆయన కాళ్లు నా ఒళ్లో పెట్టి
ఎనభై టిక్కీలు వానకి తడిసిన రాత్రి
ఎంత పోయిందో మొదటిసారి చెప్పాడు.
ఎప్పుడో తీరిపోయిన అప్పు.
అయినా మొత్తం విన్నాను,
అణాపైసలతో సహా.

సగం మిగిలింది. నాలుగు రోజులకి పుల్లబడితే
ఉల్లిపాయ ముక్కల్లో పోశాను.
సీసా మాత్రం బరువుగా, బాగుంది,
పారెయ్య మనసొప్పలేదు.
కొబ్బరిపీచుతో ఎంత రుద్దినా
ద్రాక్షగుత్తి బొమ్మ సగం మిగిలింది.

మొదటి ఆదివారం రసం అందులోనే పట్టుకెళ్లాను.
ఈసారి ఒక్క గుప్పెడే వేశాను చక్కెర.
రత్నాకరం అయ్యగారు సీసా అందుకుని,
బొమ్మ మీద బొటనవేలు ఆన్చి,
లోపల ఆడుతున్న బిరడాని చూసి
ఏమీ అనలేదు.

ఆరాధన అయ్యాక చెప్పులేసుకుంటుంటే
దగ్గరికొచ్చి, మెల్లగా,
"బిరడా లోపలికి తొయ్యకూడదు ఏస్తేరమ్మా.
తీసే స్క్రూ మా ఇంట్లో ఉంది,
పంపిస్తాను."